ఆంగ్ల క్రియల తర్వాత విశేషణమా, క్రియావిశేషణమా

ఆంగ్లంలో నామవాచకం గుణాన్ని చెప్పే పదం అడ్జెక్టివ్, పని జరిగిన తీరును చెప్పే పదం యాడ్వర్బ్. మన వ్యాకరణ పుస్తకాలు మొదటిదాన్ని విశేషణమనీ, రెండోదాన్ని క్రియావిశేషణమనీ అంటాయి. క్రియ పక్కన రావలసింది క్రియావిశేషణమే అని పేరును బట్టి ఎవరికైనా అనిపిస్తుంది. ఎక్కువ క్రియల విషయంలో అది నిజమే. 'షి సింగ్స్ స్వీట్లీ' అంటాం, 'హి డ్రైవ్స్ కేర్‌ఫుల్లీ' అంటాం. అయితే బీ, సీమ్, బికమ్, రిమైన్, లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్, గ్రో, టర్న్ వంటి క్రియల తర్వాత ఆంగ్లం విశేషణాన్ని కోరుతుంది. వీటిలో కొన్ని ఒకచోట విశేషణాన్నీ, మరోచోట క్రియావిశేషణాన్నీ తీసుకుంటాయి. పదం మారితే అర్థం కూడా మారుతుంది. ఆంగ్లం నేర్చుకునే తెలుగువారికి ఈ ఎంపిక ప్రత్యేకంగా కష్టమవుతుంది. దానికి కారణం తెలుగు వాక్య నిర్మాణంలోనే ఉంది.

వర్ణన ఎవరిది?

'షి లుక్డ్ యాంగ్రీ' అంటే ఆమె కోపంగా కనిపించింది. 'షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్' అంటే ఆమె అతనివైపు కోపంగా చూసింది. రెండింటిలోనూ క్రియ ఒకటే, కాలం ఒకటే. కానీ మొదటి వాక్యంలో ఆమె ఏ పనీ చేయలేదు. చూసినవారు వేరే ఎవరో. లుక్ అనే క్రియ అక్కడ ఆమెకూ కోపానికీ సంబంధం కలిపి ఊరుకుంది. రెండో వాక్యంలో చూడడం అనే పని చేసింది ఆమే, కోపం ఆ చూపులో ఉంది. వర్ణన కర్తకు చెందితే విశేషణం రావాలి, పనికి చెందితే క్రియావిశేషణం రావాలి. ఈ అంశానికంతటికీ మూలసూత్రం ఇదే. మిగతావన్నీ దీన్ని ఆయా క్రియలకు అన్వయించుకోవడమే.

ఇలా కర్తనూ దాని గుణాన్నీ కలిపే క్రియను వ్యాకర్తలు కోప్యులా అన్నారు. బంధం, ముడి అనే అర్థమున్న లాటిన్ మాట అది. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పేరు లింకింగ్ వెర్బ్. రాండల్ఫ్ క్వర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన సమగ్ర ఆంగ్ల వ్యాకరణం ఈ క్రియలను రెండు తెగలుగా విడదీసింది. ఉన్న స్థితిని చెప్పేవి ఒక తెగ, మార్పు వల్ల వచ్చిన స్థితిని చెప్పేవి మరొక తెగ. సీమ్, లుక్, రిమైన్ మొదటి తెగలోవి. బికమ్, టర్న్, గ్రో రెండో తెగలోవి.

ఎంపిక తేల్చుకోవడానికి ఎక్కువమంది ఉపాధ్యాయులు చెప్పే పరీక్ష ఒకటుంది. క్రియను తీసేసి ఆ చోట 'ఈజ్' గానీ 'వాజ్' గానీ పెట్టి చూడాలి. 'ది సూప్ టేస్ట్స్ గుడ్' అన్న వాక్యం 'ది సూప్ ఈజ్ గుడ్' అయినా నిలబడుతుంది, అర్థం దాదాపు మారదు. కాబట్టి విశేషణం సరైనదే. 'హి టేస్టెడ్ ది సూప్ కేర్‌ఫుల్లీ'లో టేస్టెడ్ తీసేసి వాజ్ పెడితే మనిషే సూప్ అయిపోతాడు, వాక్యం కూలిపోతుంది. కాబట్టి అక్కడ క్రియావిశేషణమే ఉండాలి. పరీక్ష మంచిదే. అయితే దానితోపాటు విద్యార్థులకు క్రియల జాబితా ఇచ్చి బట్టీ పట్టించే పద్ధతి మాత్రం నష్టం చేస్తోంది. ఏ క్రియా పుట్టుకతో లింకింగ్ వెర్బ్ కాదు, బీ, సీమ్ వంటి కొద్దిపాటివి తప్ప. అపియర్ అనే క్రియనే చూడండి. 'హి అపియర్డ్ కామ్' అంటే ప్రశాంతంగా ఉన్నట్టు కనిపించాడు. 'హి అపియర్డ్ సడన్లీ' అంటే ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యాడు. అపియర్ పేరు జాబితాలో చూసి విశేషణం వాడాలని నేర్చుకున్న విద్యార్థి రెండో వాక్యం దగ్గర తప్పు చేస్తాడు. క్రియ పేరు కాదు, ఆ వాక్యంలో అది చేస్తున్న పని ముఖ్యం.

బీ విషయంలో ఒక చిన్న గమనిక చాలు. 'ది మీటింగ్ ఈజ్ టుమారో', 'షి ఈజ్ అబ్రాడ్' వంటి వాక్యాల్లో దాని తర్వాత కాలాన్నీ చోటునూ చెప్పే మాటలు వస్తాయి. తీరును చెప్పే క్రియావిశేషణం మాత్రం దాని తర్వాత కర్త వర్ణనగా రాదు.

ఇంద్రియాల క్రియలు

అసలు చిక్కంతా చూపు, వినికిడి, స్పర్శ, రుచి, వాసనలకు సంబంధించిన క్రియల్లో ఉంది. ఎందుకో తెలుసుకోవడానికి స్వీడన్ భాషావేత్త ఓకె వీబర్య్ 1980ల మొదట్లో చేసిన విభజన బాగా ఉపకరిస్తుంది. అనేక భాషల్లోని ఇంద్రియ క్రియలను పోల్చి చూసి, ప్రతి ఇంద్రియానికీ మూడు రకాల క్రియలు ఉండే అవకాశం ఉందని ఆయన చెప్పాడు. మనిషి కావాలని చేసే పని ఒకటి, మనిషికి తనంతట కలిగే అనుభవం ఒకటి, వస్తువు తన గుణాన్ని బయటపెట్టడం ఇంకొకటి.

ఆంగ్లంలో వినికిడికి ఈ మూడూ వేర్వేరు క్రియలే. చెవి ఒగ్గి వినడం లిజన్, చెవిన పడడం హియర్, ఆ శబ్దం ఎలా ఉందో చెప్పడం సౌండ్. చూపుకు వచ్చేసరికి కావాలని చూడడం లుక్, కంటబడడం సీ, వస్తువు కనిపించే తీరు చెప్పడం మళ్లీ లుక్. స్పర్శ, రుచి, వాసనలకైతే ఆంగ్లం ఒక్కో క్రియతోనే మూడు పనులూ చేయించుకుంటుంది. వంటమనిషి పులుసును రుచి చూడడం టేస్ట్, అందులో ఉప్పు నాలుకకు తగలడం టేస్ట్, పులుసు రుచిగా ఉండడం టేస్ట్. ఫీల్, స్మెల్ కూడా అంతే. క్రియ రూపం ఏమీ చెప్పలేకపోయినప్పుడు ఏ అర్థం ఉద్దేశించారో వాక్యంలో మరో పదం చెప్పాలి. ఆ భారంలో పెద్ద వాటా పక్కనున్న విశేషణమో క్రియావిశేషణమో మోస్తుంది. అందుకే ఈ క్రియల దగ్గర పదం చివరి 'లీ' చిన్న విషయం కాదు.

కుక్క ఉదాహరణ ఆంగ్ల వ్యాకరణ బోధనలో చాలాకాలంగా ఉంది. 'ది డాగ్ స్మెల్స్ బ్యాడ్' అంటే కుక్క కంపు కొడుతోంది, స్నానం చేయించాలి. 'ది డాగ్ స్మెల్స్ బ్యాడ్లీ' అంటే, మాటకు మాట అర్థం తీస్తే, ఆ కుక్క వాసన సరిగా పసిగట్టలేకపోతోంది. పోలీసు జాగిలం విషయంలో ఈ రెండు వాక్యాలకూ పర్యవసానాలు చాలా వేరు.

సూత్రానికి లొంగనట్టు కనిపించే వాడుకలు రెండున్నాయి. 'ది రూమ్ స్మెల్స్ స్ట్రాంగ్లీ ఆఫ్ గార్లిక్' అంటే గదంతా వెల్లుల్లి వాసన ఘాటుగా కొడుతోంది. ఇక్కడ స్మెల్ పక్కన స్ట్రాంగ్లీ తప్పేమీ కాదు. గది ఎలాంటి వాసన కొడుతోందో 'ఆఫ్ గార్లిక్' అనే భాగం చెప్పేసింది. కర్త గుణం చెప్పే చోటు నిండిపోయింది కాబట్టి స్ట్రాంగ్లీ ఆ వాసన ఎంత ఉందో చెబుతోంది. రెండోది 'ఐ ఫీల్ స్ట్రాంగ్లీ అబౌట్ దిస్'. ఇక్కడ ఫీల్ అంటే ఒంట్లో ఎలా ఉందని కాదు, గట్టి అభిప్రాయం కలిగి ఉండడం. అభిప్రాయపడడం పని కాబట్టి క్రియావిశేషణం వచ్చింది. 'ఐ ఫీల్ స్ట్రాంగ్' అంటే మాత్రం ఒంట్లో బలం ఉందని.

షేక్‌స్పియర్ కాలానికే రెండు పోకడలూ ఉన్నాయి. రోమియో అండ్ జూలియట్‌లో గులాబీ గురించి జూలియట్ అన్న ప్రసిద్ధమైన మాటలో స్మెల్ తర్వాత వచ్చేది స్వీట్ అనే విశేషణం. మాక్‌బెత్ మొదటి అంకం ఆరో దృశ్యంలో కోట దగ్గరి గాలిని మెచ్చుకుంటూ బాంక్వో అదే క్రియ తర్వాత 'లీ' చేరిన వూయింగ్లీ వాడతాడు. ఆ గాలి ప్రేమతో పిలుస్తున్నట్టు ఉందని అతని భావం. అంటే గాలి ఏదో చేస్తోందని కవి ఊహించినప్పుడు క్రియావిశేషణం వచ్చింది.

తెలుగు 'గా' చేసే రెండు పనులు

తెలుగులో 'ఆమె అందంగా ఉంది' అంటాం, 'ఆమె అందంగా పాడింది' అంటాం. మొదటి వాక్యంలో అందం ఆమెది, రెండో వాక్యంలో పాటది. ఆంగ్లంలో అయితే మొదటిచోట బ్యూటిఫుల్, రెండోచోట బ్యూటిఫుల్లీ వస్తాయి. తెలుగు రెండుచోట్లా ఒకే 'అందంగా' వాడింది. ఈ 'గా' అగు అనే ధాతువు నుంచి వచ్చిన రూపం. నామవాచకం ముందు వచ్చే 'అందమైన'లోని 'ఐన' కూడా ఆ ధాతువుదే. నామవాచకం ముందు 'ఐన', క్రియ ముందు 'గా' అని తెలుగు పంచుకుంది. క్రియ ఉండు అయినా పాడు అయినా దానికి తేడా లేదు. ఆంగ్లం మాత్రం గీతను వేరేచోట గీసింది. నామవాచకం ముందున్నా, క్రియ దాటి వెనక ఉన్నా, కర్త గుణం చెప్పేదంతా విశేషణమే.

ఇప్పుడు చిక్కు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. 'గా వస్తే లీ పెట్టాలి' అని చాలామంది విద్యార్థులు మనసులో ఒక సూత్రం రాసుకుంటారు. నెమ్మదిగా అంటే స్లోలీ, జాగ్రత్తగా అంటే కేర్‌ఫుల్లీ, కోపంగా అంటే యాంగ్రిలీ. మొదటి రెండు సంవత్సరాల పాఠాల్లో ఈ సూత్రం బాగానే నడుస్తుంది. ఆ తర్వాత 'పులుసు కమ్మగా ఉంది', 'ఆయన గొంతు విచారంగా వినిపించింది', 'ఈ చీరలో నువ్వు చక్కగా కనిపిస్తున్నావు' వంటి వాక్యాలు ఎదురైనప్పుడు అదే సూత్రం డెలిషస్లీ, శాడ్లీ, బ్యూటిఫుల్లీ అని తప్పు పదాలు అందిస్తుంది. వాళ్ల తెలివిలో లోపం లేదు, సూత్రం సగమే నిజం.

తెలుగులో కలిసిపోయిన ఆంగ్ల మాటలు చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 'హ్యాపీగా ఉన్నాను', 'స్లోగా నడుపు', 'సీరియస్‌గా చెప్పాడు', 'ఈజీగా అయిపోయింది', 'ఫ్రీగా ఉన్నావా', 'డైరెక్టుగా అడుగు' అని రోజూ అంటుంటాం. ఆంగ్లం నుంచి మనం తెచ్చుకున్నది ప్రతిసారీ విశేషణాన్నే. స్లోలీగా అని గానీ, సీరియస్లీగా అని గానీ ఎవరూ అనరు. 'గా' ఉంది కదా, ఇంకా 'లీ' ఎందుకు అని భాష తనంతట తాను తేల్చుకుంది. ఒక పదంతో రెండు అవసరాలూ తీరిపోవడం తెలుగులో ఎంత సహజమో ఈ వాడుక చెబుతుంది.

అలాగని తెలుగు ఈ భేదాన్ని గుర్తించలేదనుకోవడం పొరపాటు. ఆంగ్లం వర్ణన పదం చివర చూపే తేడాను తెలుగు క్రియలో చూపుతుంది. ఆంగ్లంలో లుక్ ఒక్కటే. తెలుగులో చూడడం వేరు, కనిపించడం వేరు. వినడం వేరు, వినిపించడం వేరు. టేస్ట్ ఒక్కటే అయితే మనకు రుచి చూడడం, రుచిగా ఉండడం. స్మెల్ ఒక్కటే అయితే వాసన చూడడం, వాసన కొట్టడం. ఫీల్ ఒక్కటే అయితే తడిమి చూడడం, అనిపించడం. వీబర్య్ చెప్పిన మూడు పాత్రల్లో మనిషి చేసే పనినీ వస్తువు బయటపెట్టే గుణాన్నీ తెలుగు ఎప్పుడూ వేర్వేరు క్రియలతోనే చెబుతుంది. ఇది తెలుగు విద్యార్థికి ఆంగ్ల పుస్తకాల్లో ఎక్కడా దొరకని ఆధారం. వాక్యాన్ని తెలుగులో అనుకున్నప్పుడు 'గా' తర్వాత ఉంది, కనిపించింది, వినిపించింది, అనిపించింది, అయింది, మారింది అనే మాటల్లో ఏదైనా వస్తే ఆంగ్లంలో విశేషణం పెట్టాలి. చూసింది, తిన్నాడు, పాడింది, నడిచాడు, తాకింది వంటి పని చెప్పే మాట వస్తే క్రియావిశేషణం పెట్టాలి. తరగతిలో నల్లబల్ల మీద క్రియల జాబితా రాసే బదులు ఈ రెండు వరుసలు రాస్తే పిల్లలు తమకు వచ్చిన భాషతోనే దారి తెలుసుకోగలరు.

జర్మన్ మాట్లాడేవారికి కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది. ఆ భాషలో ష్యోన్ అనే మాట ఆమె అందంగా ఉందన్నా, అందంగా పాడిందన్నా మారకుండా ఒకేలా వస్తుంది. కాబట్టి ఈ తడబాటు తెలుగువారి ప్రత్యేక లోపం అని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

మార్పును చెప్పే క్రియలు

ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడాన్ని చెప్పడానికి ఆంగ్లం కదలికను తెలిపే క్రియలను చాలా తెచ్చుకుంది. గో, కమ్, టర్న్, ఫాల్, రన్ అసలు అర్థంలో కదలికలే. స్థితిమార్పు చెప్పేటప్పుడు అవన్నీ విశేషణాన్ని తీసుకుంటాయి. వీటిలో గో సాధారణంగా చెడు మార్పుకు వస్తుంది. పాలు విరిగితే 'గో సోర్', చూపు పోతే 'గో బ్లైండ్', దివాలా తీస్తే 'గో బ్యాంక్రప్ట్'. మంచి మార్పుకు కమ్ వస్తుంది. కల నిజమైతే 'కమ్ ట్రూ', వ్యవహారం చక్కబడితే 'కమ్ రైట్'. ముడి వదులైతే 'కమ్ లూజ్' అనడం ఈ పంపకానికి లొంగని వాడుక. రంగు మారితే టర్న్ ఎక్కువ. బావి ఎండిపోతే 'రన్ డ్రై', డబ్బు తక్కువ పడితే 'రన్ షార్ట్'. ఒంట్లో బాగోలేకపోతే 'ఫాల్ ఇల్'. ఇక్కడ తెలుగు కూడా జబ్బుపడడం అని అదే క్రియను వాడుతుంది.

ఈ జంటల్లో చాలావాటికి కారణం అడిగి లాభం లేదు, వాడుకను బట్టి నేర్చుకోవలసిందే. అయితే విశేషణమా క్రియావిశేషణమా అన్న ప్రశ్నకు మాత్రం మూలసూత్రమే జవాబు. 'ది చైల్డ్ గ్రూ క్విక్లీ' అంటే బిడ్డ తొందరగా ఎదిగింది. 'ది క్రౌడ్ గ్రూ క్వయెట్' అంటే జనం సద్దుమణిగారు. 'హి టర్న్డ్ స్లోలీ' అంటే మెల్లగా వెనక్కి తిరిగాడు. 'హి టర్న్డ్ పేల్' అంటే అతని ముఖం పాలిపోయింది. ఉన్న స్థితి నిలిచి ఉండడాన్ని చెప్పే రిమైన్ కామ్, స్టే అవేక్, కీప్ క్వయెట్, స్టాండ్ స్టిల్ కూడా ఇదే దారిలో నడుస్తాయి.

గుడ్, వెల్, బ్యాడ్

వెల్ అనే మాట వల్ల ఎంత గందరగోళం పుట్టిందో మరే మాట వల్లా పుట్టలేదు. అది గుడ్‌కు క్రియావిశేషణం. 'షి సింగ్స్ వెల్' అంటే బాగా పాడుతుంది. ఆరోగ్యంగా ఉండడం అనే అర్థంలో అదే మాట విశేషణం. కాబట్టి 'ఐ ఫీల్ వెల్' అంటే ఒంట్లో బాగానే ఉంది, అక్కడ వెల్ విశేషణమే. 'ఐ ఫీల్ గుడ్' అంటే మనసుకు ఉల్లాసంగా ఉంది. 'షి లుక్స్ వెల్' అంటే జబ్బు తగ్గి తేరుకున్నట్టు ఉంది, 'షి లుక్స్ గుడ్' అంటే చూడడానికి బాగుంది. జేమ్స్ బ్రౌన్ 1965లో పాడిన పాట 'ఐ ఫీల్ గుడ్' అన్న మాటను ప్రపంచమంతా మోగించింది. అందులో వ్యాకరణ దోషం ఏమీ లేదు.

తెలుగులో 'బాగు' కూడా ఇలాంటి విస్తారమైన మాటే. బాగా పాడింది, బాగా వేడిగా ఉంది, ఒంట్లో బాగుంది, కూర బాగుంది. ఇన్నిటికీ ఒకే మాట ఉన్నప్పుడు భోజనం గురించి 'ది ఫుడ్ వాజ్ వెల్' అనడం ఎంత సులభమో ఊహించవచ్చు. అక్కడ గుడ్ ఒక్కటే సరైనది.

ఐ ఫీల్ బ్యాడ్ అనాలా, ఐ ఫీల్ బ్యాడ్లీ అనాలా అన్నది ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారి మధ్యనే తెగని తగువు. సూత్రం ప్రకారం బ్యాడ్. ఫీల్ బ్యాడ్లీ అంటే తాకి తెలుసుకునే శక్తి సరిగా లేదని అర్థం వస్తుందని బ్యాడ్ పక్షంవారు వాదిస్తారు. ఎవరూ ఆ అర్థంలో ఆ మాట అనరని అవతలివారి సమాధానం. అమెరికాలో చదువుకున్నవారు కూడా జరిగినదానికి విచారం తెలపడానికి ఫీల్ బ్యాడ్లీ అని అంటుంటారు. ఫీల్ వెల్ అన్న మాటలో వెల్ క్రియావిశేషణంలా కనిపించడం వల్ల దానికి జోడీగా బ్యాడ్లీ పుట్టి ఉండవచ్చని ఒక వివరణ. వాడుకలో ఉన్నదాన్ని తప్పని కొట్టిపారేయడం న్యాయం కాదు. అయినా పరీక్ష రాసేవారికీ, ఉద్యోగానికి ఉత్తరం రాసేవారికీ బ్యాడ్ వాడమనే చెప్పాలి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, బ్యాడ్లీని కొందరు పడతారు.

కర్మను వర్ణించే పదం, వెంట వచ్చే పదం

వర్ణన ఎప్పుడూ కర్తదే కానక్కర్లేదు, కర్మది కూడా కావచ్చు. 'ఐ ఫౌండ్ ది బుక్ ఈజీ' అంటే పుస్తకం నాకు తేలిగ్గా అనిపించింది. 'ఐ ఫౌండ్ ది బుక్ ఈజిలీ' అంటే పుస్తకం తేలిగ్గా దొరికింది. మళ్లీ అదే విషయం. తెలుగు 'తేలిగ్గా'ను మార్చలేదు, క్రియను మార్చింది. ఆంగ్లం క్రియను మార్చలేదు, పదం చివర మార్చింది. 'పెయింట్ ది డోర్ రెడ్', 'వైప్ ది టేబుల్ క్లీన్', 'పుష్ ది డోర్ ఓపెన్' వంటివి పని ఫలితంగా కర్మకు వచ్చిన స్థితిని చెబుతాయి. తలుపు ఎర్రబడింది, బల్ల శుభ్రమైంది, తలుపు తెరుచుకుంది. అందుకే అన్నిచోట్లా విశేషణం. వంట పుస్తకాల్లో కూరగాయలను 'స్లైస్ థిన్' అన్నా 'స్లైస్ థిన్లీ' అన్నా చెల్లడానికి కారణం కూడా ఇదే. ముక్క పలచగా ఉంటుంది, తరిగే తీరు కూడా పలచగానే ఉంటుంది.

కొన్నిసార్లు పూర్తి క్రియకు కూడా కర్త స్థితిని చెప్పే విశేషణం వెంట వస్తుంది. 'హి డైడ్ యంగ్' అంటే చనిపోయేనాటికి అతను చిన్నవాడు. 'దే అరైవ్డ్ ఎగ్జాస్టెడ్' అంటే వచ్చేసరికి వాళ్లు అలసిపోయి ఉన్నారు. 2002లో వచ్చిన రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్‌ల కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఇలాంటి వాటికి డిపిక్టివ్ అనే పేరు వాడింది. డిలన్ థామస్ 1951లో వెలువడిన తన ప్రసిద్ధ కవిత శీర్షికలో గో తర్వాత జెంట్లీ బదులు జెంటిల్ ఉంచాడు. అది తప్పుగా రాసిన క్రియావిశేషణమని పొరబడేవారున్నారు. జెంటిల్ అక్కడ వెళ్లే తీరును కాదు, వెళ్లే మనిషిని వర్ణిస్తోందని చదివితే ఆ కవిత బరువు మారుతుంది. మృత్యువు ముందు సాధువుగా ఉండవద్దని కవి ఆ మనిషికే చెబుతున్నాడు.

'లీ' ఎక్కడిది?

ప్రాచీన ఆంగ్లంలో విశేషణం చివర 'ఎ' చేర్చి క్రియావిశేషణం చేసేవారు. మధ్య ఆంగ్ల కాలం ముగిసేలోపు పదాంతంలోని ఆ అచ్చు ఉచ్చారణలో రాలిపోయింది. దానితో చాలా జంటలు ఒకే రూపానికి వచ్చేశాయి. ఫాస్ట్, హార్డ్, స్లో, లౌడ్, డీప్ వంటివి విశేషణాలుగానూ క్రియావిశేషణాలుగానూ ఒకేలా ఉండడానికి ఇది పెద్ద కారణం. వీటిని ఫ్లాట్ యాడ్వర్బ్స్ అంటారు. భేదం మళ్లీ కనబడడానికి భాష మరో ప్రత్యయాన్ని ముందుకు తెచ్చింది. శరీరం, రూపం అనే అర్థమున్న లీక్ అన్న ప్రాచీన పదం ప్రత్యయంగా అరిగి 'లీ' అయింది. ఫ్రెంచి క్రియావిశేషణాల చివరి ప్రత్యయం మనసు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒక భాష పని తీరును చెప్పడానికి దేహాన్ని ఆశ్రయించింది, ఇంకొకటి మనసును ఆశ్రయించింది.

ఆ లీక్ నుంచే విశేషణాలు కూడా పుట్టాయి. ఫ్రెండ్లీ, లవ్లీ, మ్యాన్లీ, హెవెన్లీ అలాంటివి. చివర 'లీ' ఉన్నా ఇవి క్రియావిశేషణాలు కావు. 'షి సీమ్స్ ఫ్రెండ్లీ' సరైన వాక్యం. స్నేహంగా మాట్లాడిందనడానికి ఒక్క మాట చాలదు, 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అని చుట్టు తిరిగి చెప్పాలి. కొన్ని జంటల్లో 'లీ' చేరితే అర్థమే వేరైపోయింది. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈ మధ్య. 'హి వర్క్స్ హార్డ్లీ' అని రాసిన ఉద్యోగార్థి తన శ్రమను చెప్పుకోబోయి దానికి విరుద్ధమైన మాట రాస్తాడు.

ఫ్లాట్ యాడ్వర్బ్స్ మీద నింద 18వ శతాబ్దంలో మొదలైంది. రాబర్ట్ లౌత్ 1762లో ప్రచురించిన చిన్న వ్యాకరణ పుస్తకంలో విశేషణాలను క్రియావిశేషణాలుగా వాడడం భాష స్వభావానికి తగదని రాసి, పేరున్న రచయితల నుంచే ఉదాహరణలు చూపించాడు. 1795లో వచ్చిన లిండ్లీ మర్రీ వ్యాకరణం అలాంటి నియమాలను రెండు ఖండాల బడుల్లోకి తీసుకెళ్లింది. ఆ తర్వాత స్లో, క్విక్ వంటి పాత క్రియావిశేషణాలు రాతలో తగ్గాయి, వాడుకలో నిలిచాయి. మన రోడ్ల పక్కన కనిపించే 'డ్రైవ్ స్లో' అన్న బోర్డును తప్పు ఆంగ్లమని నవ్వేవారుంటారు. లౌత్ కంటే ఎంతో ముందు నుంచీ ఉన్న వాడుక అది. అక్కడ స్లో విశేషణం కాదు, 'లీ' లేని క్రియావిశేషణం. సూప్ టేస్ట్స్ గుడ్ అన్నప్పటి గుడ్‌తో దీన్ని కలిపి చెప్పడం వల్లనే విద్యార్థులు ఎక్కువగా తికమకపడుతున్నారు. అది కర్త వర్ణన, ఇది పని వర్ణన. రూపం మాత్రమే ఒక్కటి.

మన దగ్గరి బోధన

భారతదేశంలో తరాల తరబడి విద్యార్థులకు ఈ నియమం పరిచయమైంది పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌ల హైస్కూల్ వ్యాకరణం ద్వారా. 1930ల్లో వచ్చిన ఆ పుస్తకం ఇప్పటికీ తెలుగు రాష్ట్రాల పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేశాడు, బో జెస్ట్ నవలా రచయితగా కూడా ప్రసిద్ధుడు. కర్త గుణాన్ని చెప్పేటప్పుడు క్రియ తర్వాత విశేషణం రావాలని ఆ పుస్తకం క్లుప్తంగా చెప్పింది. సూత్రంలో లోటు లేదు. కానీ ఒక పేరా, కొన్ని ఉదాహరణలతో ముగించింది. తెలుగు, తమిళ, మరాఠీ పిల్లలకు వారి భాషలను బట్టి ఎక్కడ కాలు జారుతుందో చెప్పడం దాని ఉద్దేశం కాదు.

జపాన్‌లో ఆంగ్లం బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ వేరే దారి పట్టాడు. ఒక్కో క్రియ తర్వాత ఏ రకం పదం రావచ్చో నమూనాలుగా తేల్చి నిఘంటువులోనే చూపించాడు. 1942లో జపాన్‌లో అచ్చయిన ఆ నిఘంటువే తర్వాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా ఎదిగింది. ఇప్పటి ప్రతుల్లో లుక్, ఫీల్, టర్న్ వంటి మాటల దగ్గర ఏ అర్థంలో అది లింకింగ్ వెర్బో వేరుగా గుర్తించి ఉంటుంది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకూ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకూ చదివేవారు తప్పును గుర్తించమనే ప్రశ్నల కోసం గైడ్లలోని జాబితాలు తిప్పేకంటే, అనుమానం వచ్చిన క్రియను ఈ నిఘంటువులో ఒకసారి తెరిచి ఉదాహరణ వాక్యాలు చదవడం మేలు.

ప్రకటనల భాష

ఆపిల్ కంపెనీ 1997లో 'థింక్ డిఫరెంట్' అన్న నినాదంతో ప్రచారం మొదలుపెట్టినప్పుడు డిఫరెంట్లీ అనకపోవడం తప్పని చాలామంది అన్నారు. స్టీవ్ జాబ్స్ తన జీవితకథ రాసిన వాల్టర్ ఐజాక్సన్‌కు చెప్పిన వివరణ ప్రకారం డిఫరెంట్ అక్కడ ఆలోచించే తీరు కాదు, ఆలోచించే విషయం. విజయం గురించి ఆలోచించు అన్నట్టుగా, భిన్నమైనదాని గురించి ఆలోచించు అని ఆయన భావం. ఆ వివరణను ఒప్పుకుంటే డిఫరెంట్ నామవాచకం స్థానంలో ఉంది, క్రియావిశేషణం ప్రసక్తే రాదు. ఒప్పుకోకపోయినా 'థింక్ బిగ్' వంటి పాత వాడుకలు దానికి అండగా ఉన్నాయి. 'బై లోకల్', 'ఈట్ హెల్దీ', 'ట్రావెల్ సేఫ్' వంటి కొత్త మాటలు ఈ దారిలోనే వచ్చాయి. వీటిలో కొన్ని కర్మను సూచిస్తాయి, కొన్ని మనిషి స్థితిని చెబుతాయి, కొన్ని పాత ఫ్లాట్ యాడ్వర్బ్స్‌ను అనుసరిస్తాయి. ఊరు వెళ్లేవారికి 'ట్రావెల్ సేఫ్' అని పంపే సందేశంలో సేఫ్ ప్రయాణికుడిదా ప్రయాణానిదా అన్నది ఒక్క మాటలో తేలదు. 'క్షేమంగా వెళ్లిరా' అన్న తెలుగు మాటలో కూడా ఆ రెండూ కలిసే ఉన్నాయి.